పాడుతూ వచ్చిన ఒకతె

ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు స్నేహితులు పొద్దంతా తిరుగుతారు. ఒకడు మంచనశర్మ, ఇంకొకడు టిట్టిభసెట్టి. ‘క్రీడాభిరామం’ మొత్తం వాళ్ల తిరుగుడే. పూటకూళ్లింట్లో తింటారు, కోడిపందెం చూస్తారు, వేశ్యల ఇళ్ల ముందు ఆగుతారు, కనిపించిన ప్రతి ఆడమనిషినీ కళ్లతో కొలుస్తారు. ఆ నడకలో వాళ్లకి ఇద్దరు పాటగత్తెలు తగులుతారు. ఒకామె జక్కుల స్త్రీ, కామవల్లి కథ పాడుకుంటూ వస్తుంది. ఇంకొకామె తోలువాయిద్యం మోగిస్తూ పల్నాటి వీరుల కథను ద్విపదలో పాడుతుంది. ఆమె పలికే ఒక్కో అక్షరానికీ అక్కడి కుర్రాళ్లు ఆవేశంతో ఊగిపోతుంటారు. కవి ఆమెకి పేరు పెట్టలేదు. ‘ఒకతె’ అన్నాడు, అంతే.

ఈ కావ్యం వినుకొండ వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అని మన పండితులు దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ‘ప్రేమాభిరామా’నికి ఇది ఎంతవరకు అనుసరణ అనీ వాదించుకున్నారు. వీధిలో నిలబడి ఒక యుద్ధకథ మొత్తం కంఠస్థంగా పాడిన ఆడమనిషి ఎవరు, ఏ కులం, ఎక్కడినుంచి వచ్చింది, పాట అయ్యాక ఎక్కడ పడుకుంది అన్న ప్రశ్న మీద మాత్రం పెద్దగా సిరా ఖర్చు కాలేదు. నేనూ చాలా ఏళ్లపాటు ఆ పద్యాన్ని అట్లాగే దాటిపోయాను. ఎం.ఏ.లో అది మాకు ‘కాకతీయుల నాటి సాంఘిక జీవనం’ అనే పది మార్కుల ప్రశ్నకి ఒక ఉదాహరణ మాత్రమే.

నన్ను వెనక్కి లాగి ఆ పద్యం ముందు నిలబెట్టినవి రెండు. ఒకటి నా పరిశోధన గ్రంథంలో నేనే రాసిన ఒక వాక్యం. రెండోది ఒక ఫొటో.

ముందు ఫొటో సంగతి. నాతో పాటు పీహెచ్.డి. చేసిన స్నేహితురాలు దక్షిణ ఫ్రాన్స్‌లో ఒక సెమినార్‌కి వెళ్లొచ్చింది. సముద్రపు ఒడ్డున చిన్న ఊరు, రాళ్లు పరిచిన బజారు, గోడకి ఆనించిన సైకిల్. సైకిల్ వెనక రెండు సంచులు, పైన చుట్టిపెట్టిన గుడారం. పక్కనే పాతికేళ్ల అమ్మాయి నిలబడి అకార్డియన్ వాయిస్తోంది. ఆమె కాళ్ల దగ్గర తిరగేసిన టోపీ, అందులో చిల్లర. ఎండాకాలమంతా ఇట్లా ఊరినుంచి ఊరికి సైకిల్ తొక్కుకుంటూ, ఏ ఊళ్లో పాడితే ఆ ఊరి డబ్బుతో పూట గడుపుకుంటూ పోతుందట. స్నేహితురాలు ఆ ఫొటో చూపిస్తూ, ‘చూడవే, ఎంత స్వేచ్ఛో’ అంది. నాకూ అట్లాగే అనిపించింది. ఆ రాత్రి ఫొటో మళ్లీ చూస్తుంటే ఇంకో మాట తోచింది. ఊరూరా తిరిగి, బజారులో పాడి, కాళ్ల ముందు పడినదాంతో బతికే ఆడదాన్ని మా వరంగల్ జిల్లాలో ఏమంటారో నాకు తెలుసు. స్వేచ్ఛాజీవి అని ఎవరూ అనరు.

ఇక నా వాక్యం. స్త్రీల ఆత్మకథల మీద చేసిన నా పరిశోధనలో, ప్రజానాట్యమండలి గురించి రాసిన అధ్యాయంలో, మోటూరి ఉదయం గారి బృందాన్ని ‘తెలుగునాట తొలి మహిళా బుర్రకథ దళం’ అని రాశాను. అందరం అట్లాగే రాస్తాం. తప్పని ఎవరూ అనలేదు, వైవాలో కూడా ఎవరూ అడగలేదు. ఆ తర్వాత జనగామ వైపు ఒక ఊళ్లో బుడగ జంగాల ఇళ్ల దగ్గర ఒక ముసలమ్మతో మాట్లాడుతూ, మాటల్లో మాటగా ఈ సంగతి చెప్పాను. ఆమె నోట్లో ఆకు నములుతూ కాసేపు నా మొహం చూసింది.

‘మొదటామె ఆమెనా బిడ్డా? మరి నేను కొట్టింది ఏంది? మా అత్త కొట్టింది ఏంది? మా అత్తకు అత్త కొట్టింది ఏంది?’

ఆమె అడిగిన దాంట్లో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నా దగ్గర మాత్రం జవాబు లేదు.

బుర్రకథ చరిత్ర చదివినవాళ్లకి ఈ జవాబు తెలిసే ఉండాలి, తమాషా ఏమిటంటే తెలిసే ఉంటుంది కూడా. బుర్రకథకి మూలం జంగం కథ అని ప్రతి పాఠ్యపుస్తకమూ చెబుతుంది. జంగం కథలో మగవాడు తంబుర మీటుతూ, అందెలు మోగిస్తూ కథ చెబుతాడు. అతని పక్కన భార్య, ఒక్కోసారి ఇద్దరు భార్యలు, బుడిగెలు వాయిస్తూ వంత పాడతారు. బుడిగె వాయించేవాళ్లు కాబట్టే బుడగ జంగాలు అన్న పేరు వచ్చిందంటారు. మన ప్రాంతపు శారద కథలోనూ అంతే, మగవాడి చేతిలో శారద, ఆడవాళ్ల చేతిలో వాయిద్యం. అంటే ఆ కులం పేరు నిలబడింది ఆడవాళ్ల చేతుల్లోని వాయిద్యం మీద. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడి, షేక్ నాజర్ లాంటి మహా కళాకారుడి చేతిలో ఆ కథారూపం కొత్త పదును తేరింది. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ వంటి కథలతో వేలమంది ముందు వేదికెక్కింది. సరిగ్గా అప్పుడే పక్కనుండే ఆ ఇద్దరు ఆడవాళ్లు పోయి వాళ్ల స్థానంలో మగ వంతలు వచ్చారు, ఒకరు హాస్యానికి, ఒకరు రాజకీయానికి. ఆడవాళ్లు లేని రూపమే ‘బుర్రకథ’గా స్థిరపడ్డాక, అందులోకి ఆడవాళ్లు అడుగుపెట్టడం ఒక తొలి ఘట్టం అయింది.

మోటూరి ఉదయం గారిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. 1940లలో ఒక మధ్యతరగతి స్త్రీ చీర కుచ్చెళ్లు ఎగదోపి, గుంపు ముందు నిలబడి గొంతెత్తడం ఎంత సాహసమో ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివిన వాళ్లకి చెప్పక్కర్లేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెచ్చిన ఆ పుస్తకం లేకపోతే నా తరం వాళ్లం ఈ పని చేసేవాళ్లమే కాదు. పార్టీ కోసం పాడిన, నటించిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారు బాల్య వితంతువు. తొంభై దాటాక 2012లో వచ్చిన ‘నిర్జన వారధి’లో ఆమె జీవితం చదువుతుంటే, పాట ఆమెకి ఇచ్చిందీ పాట కోసం ఆమె ఇచ్చిందీ రెండూ కనిపిస్తాయి. సూర్యాపేట వైపు మల్లు స్వరాజ్యం ఊరూరా ఉయ్యాలపాటలతో జనాన్ని లేపింది. ఆమె తలకి పదివేలు వెల కట్టారు. వీళ్లందరూ దారులు తొక్కినవాళ్లే, పాటని భుజాన వేసుకుని నడిచినవాళ్లే.

నాకు అడ్డుపడుతున్నది వేరొకటి. ఈ స్త్రీలు బజారులో పాడటానికి వచ్చినప్పుడు ఊరి నోటినుంచి వచ్చిన తిట్టు ఏది? ‘బజారుది’, ‘భోగందానిలా’, ‘జంగందానిలా’. ఆ తిట్టుని ఎదుర్కోవడానికి ఉద్యమం చూపిన సమాధానం ‘వీళ్లు గౌరవ కుటుంబాల స్త్రీలు’ అనే. అవసరమైన సమాధానమే, ఆనాటికి వేరే సమాధానం దొరికేది కాదేమో కూడా. కానీ ఆ వాక్యంలోనే ఇంకో వాక్యం దాగి ఉంది. వీళ్లు వాళ్లు కారు, అని. వాళ్లు ఎవరో మనం చరిత్రలో ఎక్కడా రాయలేదు. గోగు శ్యామల ‘నల్లపొద్దు’ తెచ్చినప్పుడు దళిత స్త్రీల రచనలు ఇన్ని ఉన్నాయా అని ఆశ్చర్యపోయినవాళ్లలో స్త్రీవాదులం చాలామందిమి ఉన్నాం. రాతకే అట్లా అయితే, రాయని పాట సంగతి చెప్పేదేముంది?

ముసలమ్మ దగ్గరికి నేను ఆ తర్వాత నాలుగైదుసార్లు వెళ్లాను. నేను అవ్వా అనేదాన్ని, ఆమె బిడ్డా అనేది. ఆమె చెప్పిన దాంట్లో కళ గురించి ఉన్నది తక్కువ, బరువు గురించి ఉన్నది ఎక్కువ. మట్టి గుమ్మెట అయితే పగులుతుందని భయం, ఇత్తడిది అయితే మెడ లాగుతుంది. వాన తగిలితే తోలు వదులవుతుంది, నిప్పు సెగ చూపాలి. ఆ సెగ కోసం పుల్లలు ఏరుకొచ్చేది ఆమే. వానాకాలం సొంత ఊళ్లో ఉండి, కల్లాల కాలానికి బయలుదేరేవాళ్లు. పగలు ఇంటింటికీ తిరిగి గింజలు అడగటం, రాత్రి కథ. బాలింతగా ఉన్నప్పుడు కూడా కొంగులో పిల్లని కట్టుకుని వంత పాడిందట. పిల్ల ఏడిస్తే ఎట్లా అని అడిగాను. ‘ఏడ్పు ఘట్టం వచ్చేదాక గిల్లకపోయేది’ అని నవ్వింది. అది నిజమో పరాచికమో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఈ ఊరూరా తిరగటంలో ఒక ఆస్తి వ్యవహారం ఉంది. ఆశ్రిత కులాలన్నిటిలోనూ ఉన్నదే. ఏ ఊళ్లో ఎవరు అడగాలి, ఎవరు కథ చెప్పాలి అన్నది హక్కు, మిరాశీ. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టే వీళ్లు ఊళ్లు పంచుకుంటారు. గుమ్మెట వాయించే చేతులు ఆడవాళ్లవి, ఊళ్లు మగవాళ్లవి. జానపద కళల మీద మన దగ్గర పని తక్కువేమీ జరగలేదు. వరంగల్ జిల్లా దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు గారు 1956లోనే జానపద గేయ సాహిత్యం మీద డాక్టరేట్ పొందారు. తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఇక్కడే వరంగల్‌లో ఉంది. కథలు సేకరించారు, వాయిద్యాలు వర్ణించారు, ఏ కులానికి ఏ ఆశ్రిత కులమో పట్టికలు వేశారు. కథకుడి పేరు రాసి, పక్కన ‘వంత: భార్య’ అని రాసిన పద్ధతి మాత్రం ఇవాళ చదివితే కష్టంగా ఉంటుంది. పేరు నిలిచిన వాళ్లు లేకపోలేదు. నిజామాబాద్ వైపు చిందుల ఎల్లమ్మ 2005లో చనిపోయేనాటికి చిందు భాగవతంలో ఆమె పేరే ముందు పలికేవారు. మగవేషం కట్టినా ఆడవేషం కట్టినా ఆమెదే ఆట. ఆమె ముఖ్యపాత్రధారి కాబట్టి పేరు నిలిచింది. వంతల పేర్లు ఎవరు నిలపాలి?

సైకిల్ సంగతి అవ్వే ఎత్తింది. పెళ్లయిన కొన్నాళ్లకి ఆమె భర్త ఒక పాత సైకిల్ కొన్నాడు. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాక సైకిల్ మెల్లగా దొరల వస్తువు కాకుండా పోయింది. పాలమ్మేవాళ్లకి, బట్టల మూటలవాళ్లకి, చివరికి కథలు చెప్పేవాళ్లకి కూడా అందింది. నేను ఉత్సాహంగా అడిగాను, సైకిల్ వచ్చాక తిరగటం సులువైందా అని.

‘ఆయనకు సులువైంది. సైకిల్ మీద తంబుర, మూట, పెద్ద పిలగాడు. ఆయన తొక్కుకుంట ముందు పోయేది. నేను చిన్నదాన్ని సంకనేసుకొని, గుమ్మెట మెడకేసుకొని ఎనక నడిచేది. మునుపైతే ఇద్దరం ముచ్చట పెట్టుకుంట నడిచేటోళ్లం. సైకిల్ వచ్చినంక దారిల ఒక్కదాన్నే అయిన.’

ఆ మాట వినేవరకు సైకిల్ గురించి నాకు తెలిసినదంతా విముక్తి కథే. హన్మకొండలో గంటకింత అని అద్దె సైకిల్ తెచ్చుకుని, సీటు అందక నడుమ కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కిన పిల్లని నేను. మోకాలి మచ్చ ఇంకా ఉంది. చదువుకున్న తర్వాత పుదుక్కోట్టై గురించి తెలిసింది. 1990ల మొదట్లో షీలారాణి చుంకత్ కలెక్టర్‌గా ఉండగా, అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా ఆ జిల్లాలో లక్షకు పైగా గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారని పాలగుమ్మి సాయినాథ్ రాశారు. లేడీస్ సైకిళ్లు దొరక్క మగవాళ్ల సైకిళ్లే కొనుక్కున్నారు. క్వారీల్లో పనిచేసేవాళ్లు, ముస్లిం అమ్మాయిలు, నర్సులు అందరూ తొక్కారు. సైకిల్ మీద పాట కూడా కట్టారు. ఇంచుమించు అప్పుడే నెల్లూరు జిల్లాలో అక్షరదీపం కళాజాతాలు పాటతో, నాటికతో ఊళ్లు తిరిగాయి. దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. చక్రమూ పాటా కలిస్తే ఏమవుతుందో చూపించిన ఏళ్లవి. నా చిన్నతనపు సైకిల్ వెనక ఆ గాలి ఉందని ఇప్పటికీ నమ్ముతాను. కానీ సైకిల్ ఎవరి కాళ్ల కింద ఉంది, ఎవరు దాని వెనక నడుస్తున్నారు అన్నది చూడకుండా దాన్ని పొగిడాను. అవ్వ జీవితంలో ఆ యంత్రం వచ్చి దూరాన్ని తగ్గించలేదు, ఇద్దరి మధ్య దూరాన్ని పెంచింది.

ఫొటోలోని అమ్మాయి గురించి మళ్లీ ఆలోచించాను. ఆమెకీ ఒక వంశవృక్షం ఉంది. 1894లో బోస్టన్ నుంచి ఒక సైకిల్ యాత్ర మొదలైంది. యూదు వలస కుటుంబపు స్త్రీ, ముగ్గురు చిన్నపిల్లల తల్లి, పేరు ఆనీ కోహెన్ కోప్చోవ్‌స్కీ. లండన్‌డెరీ అనే మంచినీళ్ల కంపెనీ వంద డాలర్లిస్తే ఆ కంపెనీ పేరే తన ఇంటిపేరుగా పెట్టుకుని, సైకిల్‌కి వాళ్ల పలక తగిలించుకుని ప్రపంచయాత్రకి బయలుదేరింది. 1895 జనవరి చలిలో పారిస్ నుంచి మార్సెయ్ రేవుకి చేరేసరికి ఒక కాలికి కట్టు ఉంది. జనం గుమిగూడి స్వాగతం చెప్పారు. ఆమె దారిఖర్చు మొత్తం ఉపన్యాసాలు, ఫొటోల అమ్మకం, ఒంటిమీద సైకిల్ మీద కట్టుకున్న ప్రకటనలు. ఇండియాలో పులుల్ని వేటాడానని కథలు కూడా చెప్పింది, అన్నీ కల్పనలే. కథ చెప్పి పొట్టపోసుకోవడం ఒక్క మన జంగాలకే వచ్చిన విద్య కాదన్నమాట. ఆమెనీ వందేళ్లకి పైగా అందరూ మర్చిపోయారు, బంధువుల మనవడొకరు వెతికి పుస్తకం రాసేదాకా.

ఆనీని పోలీసులు బిచ్చగత్తె అని పట్టుకోలేదు. మన దేశంలో 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం బహిరంగ స్థలంలో పాడటం, ఆడటం, జోస్యం చెప్పటం వంటి ‘నెపం’తో డబ్బు అడిగినా అది భిక్షాటనే అని నిర్వచించింది. ఆ చట్టం ఢిల్లీకి కూడా విస్తరించింది. 2018లో ఢిల్లీ హైకోర్టు తమ పరిధిలో దాని ముఖ్యమైన సెక్షన్లు కొట్టేసేదాకా పాట ఒక నెపమే. ఫ్రాన్స్‌లో కూడా అందరి పాటా ఒకటి కాదు. 1997 నుంచి పారిస్ మెట్రోలో పాడేవాళ్లకి ఆడిషన్లు పెట్టి కార్డులిస్తున్నారు. అదే దేశం 2010 వేసవిలో రోమా కుటుంబాల గుడారాలు పీకి సరిహద్దు దాటించింది. ఒకే ఒడ్డున గుడారం వేసుకున్న ఇద్దరు ఆడవాళ్లలో ఒకామెది యాత్ర, ఇంకొకామెది నేరం. తెల్ల అమ్మాయి టోపీలో పడేది మెచ్చుకోలు, రోమా స్త్రీ గిన్నెలో పడేది భిక్ష. మా దగ్గరా ఇంతే. హైదరాబాద్‌లో కళోత్సవం పెట్టి బుర్రకథ చెప్పిస్తే పారితోషికం, అదే మనిషి సంక్రాంతికి ఇంటిముందు నిలబడితే ‘ముందుకు పో’.

పాలకుర్తి పక్కనుంచి వెళ్లినప్పుడల్లా నాకు సోమనాథుడు గుర్తొస్తాడు. శ్రీశైలం దారిలో శివరాత్రి యాత్రికులు పాడే తుమ్మెదపదాలు, పర్వతపదాలు, వెన్నెలపదాలు అంటూ ‘పండితారాధ్య చరిత్ర’లో ఆయన ఎంత మురిపెంగా లెక్కపెట్టాడు! దారి, పాట, నడక మనకి పుణ్యమైన విషయాలే. యాత్రికుడు పాడితే భక్తి, జంగం మగవాడు పాడితే వృత్తి. పక్కన వాయించిన ఆడదాని పాట వృత్తి పట్టికలోకి కూడా ఎక్కలేదు, ఇంటిపనిలో కలిసిపోయింది. ఆమె కొట్టిన దరువుకి విడిగా కూలీ లేదు. వచ్చిన గింజలు ఆయన జోలెలో పడ్డాయి. వాటిని చెరిగి, దంచి, వండటం మళ్లీ ఆమె పని. స్త్రీవాద చరిత్రకారులం ఇంటిచాకిరీ గురించి ఇన్ని పుస్తకాలు రాశాం కదా, వీధిలో అందరి కళ్లముందు జరిగిన ఈ చాకిరీని కళ అని కొందరం, బిచ్చం అని కొందరం అనుకుని వదిలేశాం.

నా పుస్తకం అచ్చుకి వెళ్లే ముందు ఆ అధ్యాయాన్ని తిరగరాశాను. ఉదయం గారి బృందం గురించిన వాక్యంలో ‘తొలి’ తీసి, ‘రాజకీయ వేదిక మీద పూర్తిగా స్త్రీలతో నడిచిన’ అని పెట్టాను. పొడుగైంది, అందం కూడా తగ్గింది. దాని కింద జంగం స్త్రీల గురించి రెండు పేజీలు చేర్చి, అవ్వ పేరు రాయడానికి అనుమతి అడగటానికి వెళ్లాను. పేరు లేని ‘ఒకతె’ గురించి ఇంత వాదించిన దాన్ని, కనీసం ఈమె పేరైనా అచ్చులో పెడదామని నా ఆశ.

ఆమె వెంటనే వద్దంది. మనవడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందట. అక్కడ వాళ్ల కులం ఎవరికీ తెలియదు, సంబంధం చూస్తున్నారు. ‘అవ్వ ఇంటింటికి తిరిగి పాడిందని పుస్తకంల పడితే వాని నోట్ల మన్ను పోసినట్టే బిడ్డా.’ నేను ఏదో చెప్పబోయాను, సిగ్గుపడాల్సింది వాళ్లు కాదు, ఇట్లాంటివి. ఆమె చెయ్యి ఊపింది. ఆ మాటలు నేను చెప్పుకోవడానికి బాగుంటాయి, పిల్లని ఇచ్చేవాళ్ల ముందు ఎవరు చెబుతారు?

కాసేపాగి నా సంచి చూపించి కాగితం తియ్యమంది. నా పేరు కాదుగానీ ఊళ్ల పేర్లు రాసుకో అంది. నడిచిన వరుసలో చెబుతాను, తప్పు రాయకు అంది. కల్లాల కాలంలో బయలుదేరి ముందు ఐనవోలు మల్లన్న జాతర. అక్కడినుంచి వర్ధన్నపేట, రాయపర్తి, తొర్రూరు. తొర్రూరు నుంచి వెనక్కి తిరిగి పాలకుర్తి, కొడకండ్ల, దేవరుప్పుల, జనగామ. ఏ ఊళ్లో బావి నీళ్లు తియ్యన, ఏ ఊళ్లో కుక్కలు ఎక్కువ, ఏ దొర ఇంటి ముందు చెప్పులు చేత పట్టుకోవాల్సి వచ్చింది, ఏ బడి అరుగు మీద రెండో పిల్ల పుట్టింది, అన్నీ చెప్పింది. నేను రాసుకుంటూ పోయాను. జనగామ దగ్గర ఆపి, నా స్నేహితురాలి ఫొటో ఆమెకి చూపించాను. దగ్గరికి పట్టుకుని చాలాసేపు చూసింది.

‘సైకిల్ ఈమెదేనా?’

అవునన్నాను.

‘ఎనక ఎవరు నడుస్తలేరా?’

ఎవరూ లేరన్నాను. ఫొటో తిప్పి వెనక వైపు కూడా చూసి, నా చేతికిచ్చింది.